మళ్ళీ వంతు వచ్చేదాకా

శుక్రవారం పొద్దున్నే టీ కొట్టాయన ఫోన్ చేశాడు. "గుమాస్తా గారు పోయారు. జుమ్మా నమాజు అయ్యాక తీస్తారంట. వచ్చెయ్యి" అన్నాడు. అటువైపు పెట్టేశాక కూడా నేను ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. నా మొహం చూసి స్టవ్ కట్టేసింది.

విజయవాడ వన్ టౌన్‌లో అపరాల వ్యాపారం చేసేవాళ్ళందరూ ఆయనను ఎరుగుదురు. ఆయన నిజాయితీ గురించి, దస్తూరి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. ఆయన మాకు ఒక ఆట నేర్పారు. ఆ ఆట తెలిసిన మనిషి కాబట్టే నన్ను బతికించారు. ఆ ఆట తెలిసిన మనిషి కాబట్టే నా బావమరిది విషయంలో పొరబడ్డారు. ఈ రెండూ ఒక్క ఏడాదిలోనే జరిగాయి.

మాది చల్లపల్లి దగ్గర పల్లె. అయిదో తరగతితో చదువు ఆపి, పెళ్ళయ్యాక వన్ టౌన్‌కి వచ్చి ముఠాలో చేరాను. ముఠా అంటే లారీల నుంచి బస్తాలు దించి గోడౌన్‌లో పేర్చే కూలీల జట్టు. మేము పన్నెండు మందిమి. మా ఆవిడ తమ్ముడు కూడా మాతోనే ఉండేవాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. క్వింటాలు బస్తాను మెడ వెనక వేసుకుని, లారీకీ గుమ్మానికీ మధ్య వేసిన చెక్కబల్ల మీద వంగి నడవాలి. మినుములు దిగే రోజుల్లో ఒక్కొక్కరం ఎన్ని మోసేవాళ్ళమో లెక్క ఉండేది కాదు.

గుమాస్తా గారు ఎప్పుడూ తెల్ల లాల్చీ, పైజమాలో ఉండేవారు. ఆయన ఎడమ చెవి ముడుచుకుపోయి, గవ్వలా ఉండేది. పుట్టుకతో అంతేననుకునేవాళ్ళం. వయసులో ఉండగా ఆయన కలకత్తాలో గోనె సంచుల కంపెనీలో పనిచేశారనీ, అక్కడి మైదానంలో కంపెనీ జట్టులో ఆడారనీ, ఆ చెవి ఆ ఆటలో నలిగిపోయిందనీ మాకు తరవాత తెలిసింది.

తెలిసింది ఎలాగంటే, తొంభైల మధ్యలో, కేబుల్ వచ్చిన కొత్తలో, గోడౌన్ యజమాని షావుకారు గారు ఆఫీసు గదిలో టీవీ పెట్టించారు. ఒక శనివారం మధ్యాహ్నం అన్నాలు తిని మేము అరుగు మీద నడుము వాల్చి ఉన్నాం. లోపలి నుంచి గుమాస్తా గారి కేక వినిపించింది. ఆయన గొంతు పెంచగా వినడం అదే మొదలు. పరిగెత్తుకుని వెళ్ళాం. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. టీవీలో బురద. ఆ బురదలో ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది, తలలు ఒకళ్ళ భుజాల కింద ఒకళ్ళు దూర్చి తోసుకుంటున్నారు.

"ఏంటండీ, లారీ దిగబడిందా?" అన్నాడు నా బావమరిది.

"రగ్బీ అబ్బాయ్. దీన్ని చూసి ముప్ఫయ్యేళ్ళయింది" అన్నారు ఆయన. కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో విసిరితే వెనక్కే విసరాలి. పట్టుకుని పరిగెత్తి అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు. నిలువు కర్రల మధ్య నుంచి తన్నితే ఇంకొన్ని పాయింట్లు. జట్టుకు పదిహేను మంది. ఇంతకు మించి ఆయన చెప్పాల్సిన పని లేకపోయింది. ముందు వరసలో తోసే ముగ్గురినీ చూడగానే ముఠావాళ్ళకి మిగతాది అర్థమైపోయింది. వాళ్ళు కూడా మెడ మీద బతికేవాళ్ళే.

మరుసటి ఫిబ్రవరిలో ఆయన ఒక మాట అన్నారు. "ఊరికే చూస్తే ఏముంది? జట్లు కట్టుకుందాం." కలకత్తాలో ఆయన పాత స్నేహితుడు ఒకాయన ఆటగాళ్ళ పేర్లన్నీ టైపు కొట్టించి కొరియర్లో పంపాడు. ఆరుగురం కూర్చున్నాం. గుమాస్తా గారు, నేను, నా బావమరిది, టీ కొట్టాయన, ముఠాలో ఇంకో ఇద్దరు. ఒక్కొక్కరం వంతుల ప్రకారం ఒక్కో ఆటగాణ్ణి ఎంచుకోవాలి. ఒకరు ఎంచుకున్న మనిషిని మరొకరు తీసుకోకూడదు. అట్లా ఎవరి పదిహేను మందిని వాళ్ళు పోగుచేసుకుంటే, ఆ మనుషులు టీవీలో నిజంగా ఆడినదాన్ని బట్టి మాకు పాయింట్లు. డబ్బు ప్రసక్తి లేదు. గెలిచినవాడికి ఏడాదంతా మొదటి గ్లాసు టీ. ఓడినవాడు ఆ గ్లాసు తెచ్చివ్వాలి. ఆయన దీన్ని డ్రాఫ్ట్ అనేవారు.

వంతులు తేల్చడానికి ఆయన పెట్టిన పద్ధతి మా గోడౌన్‌లో తప్ప ఎక్కడా ఉండదు. ఆరు రకాల గింజలు, ఒక్కోటి ఒక్కో కాగితంలో చుట్టి గ్లాసులో వేసేవారు. మినుము వచ్చినవాడు మొదట ఎంచుకోవాలి. తరవాత పెసర, కంది, శనగ, బొబ్బర. ఉలవ వచ్చినవాడు ఆఖరు. అయితే రెండో రౌండు తిరగబడుతుంది. ఉలవ వచ్చినవాడే మళ్ళీ మొదలు, మినుము వచ్చినవాడు చిట్టచివర. అంటే మినుము వచ్చినవాడు ఒకణ్ణి తీసుకున్నాక పదిమంది వెళ్ళిపోయేదాకా చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలి.

మొదటి ఏడు నాకే మినుము వచ్చింది. సంబరపడ్డాను. గుమాస్తా గారు నవ్వారు. "మొదటివాణ్ణి ఎంచుకోవడం పిల్లాడైనా చేస్తాడయ్యా. మళ్ళీ నీ వంతు వచ్చేసరికి ఎవరు మిగులుతారో, ఆ లెక్క తెలిసినవాడు గెలుస్తాడు" అన్నారు.

ఆ లెక్కలో ఆయన్ని కొట్టినవాడు లేడు. మేమందరం పరిగెత్తేవాళ్ళ వెంట పడేవాళ్ళం. పేర్లు నోరు తిరగక మారుపేర్లు పెట్టుకున్నాం. మెరుపు, గూడ్సుబండి, వంకరముక్కు. నా బావమరిదికి మెరుపంటే ప్రాణం. "వాడు నా గుర్రం బావా. వాడి నీడని కూడా ఎవడూ ముట్టుకోకూడదు" అనేవాడు. గుమాస్తా గారు మాత్రం బంతి తన్నేవాణ్ణి ముందు పట్టుకునేవారు. "పరిగెత్తేవాళ్ళు జట్టుకి నలుగురు ఉంటారు. తన్నేవాడు ఒక్కడే" అనేవారు. ఏ జట్టుకి ఏ వారం ఆట లేదో ముందే చూసుకుని, ఆ వారానికి బదులు మనుషుల్ని సిద్ధం చేసుకునేవారు. మేము ఆ వారం వచ్చాక లబోదిబోమనేవాళ్ళం.

ఇంకో సంగతి. మనసులో ఎవరున్నారో ఆయన బయటపడనిచ్చేవారు కాదు. తనకి కావలసిన మనిషి పేరు కాగితంలో ఉన్నా వేలు వేరే పేరు మీద ఉంచేవారు. టీ కొట్టాయన ఎన్ని రకాలుగా కూపీ లాగినా లాభం లేకపోయేది.

"ఒక్క పేరు చెప్పండి సాయిబు గారూ. నేను ముట్టుకోను, ఒట్టు."

"చెప్పాక నువ్వు ముట్టుకోకపోతే నీకు నిద్ర పడుతుందా?"

"పట్టదనుకోండి."

"అందుకే చెప్పను."

అందరూ నవ్వేవాళ్ళం.

ఆయన గెలవడానికి అసలు కారణం ఎర్ర పెన్సిలు. జాబితాలో కొందరి పేర్ల పక్కన చిన్న ఎర్ర చుక్క పెట్టుకునేవారు. ఆ సీజన్ అయ్యేలోగా దెబ్బ తిని ఆట ఆపేస్తారని ఆయనకి అనిపించినవాళ్ళు వాళ్ళు. సీజన్ మధ్యలో చూపించేవారు కాదు. ఆఖరి శనివారం కాగితం విప్పి మా ముందు పెట్టేవారు. చుక్కలున్న మనుషులు దాదాపు అందరూ అప్పటికి మోకాలికో మెడకో కట్టుతో బయట కూర్చుని ఉండేవాళ్ళు.

"ఎట్లా తెలుస్తుందండీ మీకు?" అని ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"పేరు చూడకు, మెడ చూడు. పక్కకి చూడాలంటే మామూలు మనిషి తల తిప్పుతాడు. తల తిరగక మనిషి మొత్తం తిరుగుతున్నాడంటే వాడి పని దగ్గరికొచ్చినట్టు." చెప్పి, తన నలిగిన చెవి ఒకసారి తడుముకున్నారు. "నేనూ అట్లా తిరిగినవాణ్ణే. ఒకాయన చూసి నన్ను బయటికి లాగాడు. లేకపోతే ఆ మైదానంలోనే పోయేవాణ్ణి."

ఆ రోజు నుంచి మా వాళ్ళకి ఆ పెన్సిలంటే జంకు పట్టుకుంది. ఆయన దాన్ని చెవి వెనక పెట్టుకుని గోడౌన్‌లోకి వస్తే మాటలు తగ్గేవి. టీ కొట్టాయన గ్లాసులు అందిస్తూ, "ఆ పెన్సిలు నా వైపు తిప్పకండి బాబూ, నాకు ఇద్దరు పిల్లలు" అనేవాడు. ఆయన నవ్వేవారు కాదు. పెన్సిలు తీసి జేబులో పెట్టుకునేవారు.

నాలుగో ఏడో అయిదో ఏడో, సరిగ్గా గుర్తు లేదు. మినుములు బాగా పండిన ఏడు. మార్చి నెలలో లారీలు వీధి చివరిదాకా నిలబడేవి. నాకు కుడిచేతి చివరి రెండు వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. చొక్కా గుండీలు పట్టుకు దొరికేవి కావు. ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. "తడి చెయ్యి" అన్నాను. గుమాస్తా గారు బల్ల దగ్గరి నుంచి చూశారు.

ఆ శనివారం మ్యాచ్ నడుస్తుండగా ఆయన పాయింట్లు రాసుకునే నోటుపుస్తకం సొరుగులోంచి తెమ్మన్నారు. నేను తీసి, పేజీ వెతుకుతూ పొరపాటున వెనక వైపు నుంచి తెరిచాను. ఆఖరి పేజీలో పన్నెండు పేర్లు ఉన్నాయి. రగ్బీ ఆటగాళ్ళవి కావు. మా ముఠావి. వరసగా, అందమైన దస్తూరిలో. రెండు పేర్ల పక్కన ఎర్ర చుక్కలు ఉన్నాయి. ఒకటి నాది. రెండోది నా బావమరిదిది.

పుస్తకం మూసి, ముందు వైపు నుంచి తెరిచి ఇచ్చాను. ఆయన తీసుకుని రాసుకున్నారు. పక్కన నా బావమరిది మెరుపు గీత దాటాడని బల్ల మీద చరుస్తున్నాడు. "ట్రై బావా, ట్రై. రాయించు" అన్నాడు. టీ కొట్టాయన వెనక నుంచి పిలిచాడు వాణ్ణి. వాడు తల తిప్పలేదు. నడుము దగ్గరి నుంచి మొత్తం తిరిగి చూశాడు.

నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

ఇంటికి వెళ్తూ దారి పొడుగునా చెప్దామనే అనుకున్నాను. వాడు మెరుపు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. మాట్లాడేవాణ్ణి ఆపి మాట అందుకోవడం నాకు చేతకాదు. పెన్సిలు చుక్కే కదా, ఆటకోసం పెట్టుకున్నదే కదా అని సర్దిచెప్పుకున్నాను. రాత్రి అన్నం తింటుంటే మా ఆవిడ, "మా వాడు మెడకి పసుపూ సున్నం పట్టు వేయించుకున్నాడు, ఏమైందంట?" అని అడిగింది. "పట్టేసి ఉంటుంది" అన్నాను.

జూన్‌లో కాటా దగ్గర కూర్చునే పెద్దాయన కూతురి ఊరికి వెళ్ళిపోయాడు. కాటా అంటే బస్తాలు తూచే చోటు. అక్కడ ముక్కాలి పీట మీద కూర్చుని తూకం చూసి గట్టిగా చెప్పాలి, అంతే. బరువు ఎత్తే పని లేదు. ముఠాలో ప్రతివాడికీ ఆ పీట మీద కన్ను ఉండేది. ఎవరిని కూర్చోబెట్టాలో షావుకారు గారు గుమాస్తా గారికే వదిలేశారు.

మరునాడు పొద్దున్న ఆయన నా దగ్గరికి వచ్చారు. "రేపటి నుంచి కాటా నువ్వు చూడు."

"నాకంటే పెద్దవాళ్ళు ఉన్నారండి."

"నేను నిన్ను ఎంచుకున్నాను. ఇంక మాట్లాడకు."

నేను మాట్లాడలేదు. అది నాకు బాగా వచ్చిన పనే. కానీ ఆ పేజీలో చుక్కలు రెండని నాకు తెలుసు. పీట ఒకటేనని తెలుసు. ఆ క్షణంలో 'మా వాణ్ణి కూర్చోబెట్టండి, చిన్నవాడు' అనవచ్చు. పోనీ వాడి సంగతేమిటని అడగవచ్చు. నా వేళ్ళు గుర్తొచ్చాయి. వెళ్ళి కూర్చున్నాను.

నా బావమరిది ఏమీ అనుకోలేదు. తూకం చెప్పడానికి నా గొంతు చాలదని ఎగతాళి చేసేవాడు. "మా బావ చెబితే కాటాకే వినపడదు" అని బస్తాతో వచ్చి నా ముందు దించేవాడు. దించిన ప్రతిసారీ నేను వాడి మెడ చూసేవాణ్ణి. ఆషాఢం గడిచింది, శ్రావణం గడిచింది. బస్తా బరువు ఎడమ భుజం మీది నుంచి కుడి భుజానికి మార్చాడు. నవ్వు తగ్గింది. నా వేళ్ళు మాత్రం నెమ్మదిగా తేరుకుంటున్నాయి. అది నాకు ఏమాత్రం సంతోషం ఇవ్వలేదు. ఎవరి దగ్గరి నుంచో తీసుకుంటున్నట్టు ఉండేది.

గుమాస్తా గారు కూడా చూస్తున్నారు. అది నాకు కనిపించేది. బల్ల దగ్గర కూర్చుని గోడ మీది క్యాలెండరు వంక చూసేవారు. దసరా నెల పేజీ ఎత్తి చూసి, మళ్ళీ వదిలేసేవారు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

వినాయక చవితి వెళ్ళిన నాలుగో రోజు. ముసురు పట్టి ఉంది. తాడేపల్లిగూడెం వైపు పోవలసిన లారీ తొందరగా నింపాలని డ్రైవరు హారన్ కొడుతున్నాడు. చెక్కబల్ల తడిసి ఉంది. నా బావమరిది పడలేదు. జారలేదు. కాటా మీది నుంచి బస్తా ఎత్తించుకుని, బల్ల మీద మూడు అడుగులు వేసి, ఆగి, మెల్లగా కూర్చున్నాడు. అక్కడ కూర్చునే పని ఉన్నట్టే కూర్చున్నాడు. బస్తా వెనక్కి జారిపోయింది.

"బావా, కాళ్ళు నావి కావు" అన్నాడు.

అప్పుడే తూకం చెప్పాను వాడి బస్తాది. ఆ అంకె ఇంకా నోట్లోనే ఉంది.

దసరాకి ఇంకా నెల రోజులే ఉంది.

వాడు మంచం మీద ఆరేళ్ళు ఉన్నాడు. ఆ ఆరేళ్ళూ గుమాస్తా గారు ప్రతి శనివారం వచ్చేవారు. ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక అక్కడ జాబితా ప్రింటు తీయించుకుని తెచ్చేవారు. మంచం పక్కన స్టూలు వేసుకుని పేర్లు చదివి వినిపించేవారు. ఫిబ్రవరి వస్తే డ్రాఫ్ట్ మా ఇంట్లోనే. గింజలు చుట్టిన కాగితాలు వేసేవాళ్ళం కాదు. మినుము ఎప్పుడూ నా బావమరిదికే అని ఆయన తీర్పు చెప్పారు. వాడు ఎప్పుడూ మెరుపునే తీసుకునేవాడు. మెరుపు ముసలివాడై బెంచీ మీద కూర్చున్నాక కూడా వాడినే తీసుకున్నాడు.

"ఇంకా వాడేంట్రా?" అనేవాడు టీ కొట్టాయన.

"నేను లేచేదాకా వాడు ఆడతాడు" అనేవాడు.

మెరుపు ఆట మానేసిన ఏడు, డ్రాఫ్ట్‌కి నెల ముందే, నా బావమరిది పోయాడు.

ఇంకోటి చెప్పాలి. వాడు మంచాన పడ్డప్పటి నుంచి గుమాస్తా గారు డ్రాఫ్ట్‌లో గెలవలేదు. అంత లెక్క తెలిసిన మనిషి, నాలుగో రౌండులో దొరికేవాణ్ణి మొదటి రౌండులోనే లాక్కునేవారు. "వాడు మిగిలి ఉంటాడు కదండీ, ఇప్పుడే ఎందుకు?" అంటే, "మిగలడు" అనేవారు. అన్ని ఏళ్ళూ ఆఖరు స్థానం ఆయనదే. గెలిచినవాడికి టీ గ్లాసు తెచ్చివ్వడం ఆయన వంతే. వయసైపోయిందని నవ్వుకునేవాళ్ళం. ఎర్ర పెన్సిలు మళ్ళీ ఎప్పుడూ కనబడలేదు.

గేటు దగ్గర ఒక ఇనుప కుర్చీ కూడా ఉంది. అక్కడ కూర్చుని లారీల నంబర్లు రాసే ముసలాయన ఆ దసరాకే పని మానేశాడు. ఆ చోట ఇంకెవరినీ పెట్టవద్దని గుమాస్తా గారు షావుకారు గారితో చెప్పి, ఆ పని తన మీదే వేసుకున్నారు. కుర్చీ మాత్రం తీయనివ్వలేదు. ముఠావాళ్ళు దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకునేవాళ్ళు. కూర్చోబోతే ఆయన లోపలి నుంచే, "లెయ్" అనేవారు.

పోయిన నెల ఒక శనివారం నేను ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన చూపు తగ్గి పని మానేసి అప్పటికి చాలా రోజులైంది. వాళ్ళమ్మాయి టీ పెట్టి ఇచ్చి లోపలికి వెళ్ళింది. నేను జాబితా చదువుతున్నాను. మధ్యలో చెయ్యి ఎత్తి ఆపారు.

"నీకు ఒకటి చెప్పాలయ్యా."

"చెప్పండి."

"ఆ ఏడు కాటా పీట ఖాళీ అయినప్పుడు నా ముందు ఇద్దరు ఉన్నారు. నువ్వూ, మీ వాడూ. నీకు మెడ దెబ్బ వేళ్ళదాకా వచ్చేసింది. వాడికి భుజం దగ్గరే ఉంది. గేటు కుర్చీ దసరాకి ఖాళీ అవుతుందని తెలుసు. అది వాడికి ఇస్తానని షావుకారు గారి దగ్గర మాట కూడా తీసుకున్నాను." ఊపిరి తీసుకున్నారు. "నాకు మినుము వచ్చిందయ్యా ఆ రోజు. ఒకణ్ణి తీసుకున్నాను. మళ్ళీ నా వంతు వచ్చేదాకా వాడు మిగులుతాడనుకున్నాను."

నేను గ్లాసు వంక చూస్తున్నాను.

"దసరా దాకా బస్తా ఎత్తకురా అని వాడికి చెప్పి ఉండొచ్చు. కుర్చీ నీదేరా, కాస్త ఓపిక పట్టు అని చెప్పి ఉండొచ్చు. మనసులో ఉన్న పేరు బయటికి చెప్పకూడదని అలవాటైపోయింది. చెబితే ఎవడో ఎగరేసుకుపోతాడని." ఆయన తల నా వైపు తిరిగింది. కళ్ళు నన్ను చూడటం లేదు. "ఇక్కడ ఎగరేసుకుపోయేవాడు ఎవడున్నాడులే అని కూడా తోచలేదు. ఉన్నాడని తరవాత తెలిసింది, వాడు బల్ల మీద కూర్చుండిపోయిన రోజున."

అది నేను మాట్లాడవలసిన చోటు. 'ఆ పేజీ నేనూ చూశానండి. రెండు చుక్కలూ చూశాను. వాడు నా పక్కనే అన్నం తినేవాడు, నేనూ చెప్పలేదు' అని అనాలి. అంటే ఆయన మోస్తున్నదాంట్లో సగమైనా నా మీదికి వచ్చేది. నోటి దాకా వచ్చింది.

"టీ చల్లారిపోతోందండి" అన్నాను.

ఆయన గ్లాసు కోసం తడుముకుని తీసుకున్నారు. తరవాత, "చదువు. ఎక్కడ ఆపావు?" అన్నారు.

మళ్ళీ శనివారం చెబుదామనుకున్నాను. ఆ శనివారం ఆయనకి ఒంట్లో బాగుండలేదన్నారు. ఆ పై శనివారం రాకముందే శుక్రవారం వచ్చింది.

ఆయన నాకు పని ఇచ్చారు, ఆట ఇచ్చారు, ఈ చేతి వేళ్ళు ఇచ్చారు. ఇది రాస్తున్నది ఆ వేళ్ళతోనే. ఆయన నాతో చెప్పుకున్నారు. నేను ఆయనతో చెప్పుకోలేకపోయాను. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

నమాజు అయ్యాక జనాజా ఎత్తారు. ముఠా మొత్తం వచ్చింది. వన్ టౌన్ సందుల్లో తోపుడు బండ్లు పక్కకి లాగి దారి ఇచ్చారు. ఒకళ్ళ తరవాత ఒకళ్ళం భుజం పట్టాం. నా వంతు అయ్యాక పక్కకి తప్పుకుని వెనక నడుస్తున్నాను. నా స్థానంలోకి మా ముఠాలో ఒకతను వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. పదేళ్ళుగా మా దగ్గరే బస్తాలు మోస్తున్నాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో భుజం మార్చుకున్నాడు. ఇంకో నాలుగు అడుగులకి మళ్ళీ మార్చుకున్నాడు. మోస్తున్నది గుమాస్తా గారిని. ఆఖరి రోజుల్లో ఆయన బరువు ఏమంత లేదు.

ఖబరస్తాన్‌లో మట్టి వేసి అందరూ చేతులు దులుపుకుంటున్నారు. నేను అతని దగ్గరికి వెళ్ళాను. ఎవరినైనా ముందుగా పలకరించడం నాకు అలవాటు లేదు. అతను ఆశ్చర్యంగా చూశాడు.

"రేపు కాటా దగ్గర నువ్వు కూర్చో" అన్నాను.

"నేనా? మరి మీరెక్కడ కూర్చుంటారు బాబాయ్?"

"గేటు దగ్గర కుర్చీ ఉందిగా."

"దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదుగా ఆయన."

"నేను కూర్చుంటాను. రేపటి నుంచి నువ్వు బస్తా ముట్టుకోవద్దు. రేపటి నుంచే. వింటున్నావా?"

ఎంతవరకు విన్నాడో తెలియదు. పెద్దాయన పోయిన బాధలో ఏదో అంటున్నాడని అనుకున్నట్టున్నాడు. "నాకేమైంది బాబాయ్, దున్నపోతులా ఉన్నాను. సోమవారం చూద్దాంలెండి, రేపు రెండు లారీలు ఉన్నాయి" అని నవ్వుతూ గేటు వైపు నడిచాడు.

వెనక నుంచి గట్టిగా పిలిచాను. జన్మలో అంత గట్టిగా ఎవరినీ పిలవలేదు. అక్కడున్నవాళ్ళంతా తలలు తిప్పి నా వంక చూశారు.

అతను తల తిప్పలేదు. ఆగి, కాళ్ళు జరుపుకుని, మనిషి మొత్తం నా వైపు తిరిగాడు.